కెమెరా మీట తరఫున వకాల్తా

“ఫోనులో కెమెరా కోసం ప్రత్యేకంగా ఒక మీట ఎందుకండీ? తెర మీద అంత పెద్ద తెల్లని గుండ్రం కనబడుతూంటే!”

ఈ మాట ఈమధ్య తరచుగా చెవిని పడుతోంది. 2024 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ ఐఫోన్ 16 అంచున ‘కెమెరా కంట్రోల్’ అని ఒక కొత్త మీటను అమర్చింది మొదలు, ఏనాడో అటకెక్కిన ఈ తగవు మళ్ళీ కిందికి దిగింది. ఆ మాట అంటున్నవాళ్ళు ఏమీ తెలియనివాళ్ళు కారు. చక్కని ఫోటోలు తీసేవాళ్ళు, యంత్రాల లోపలి సంగతులు మనకంటె బాగా ఎరిగినవాళ్ళు. వాళ్ళ వాదన క్లుప్తంగా ఇది: మీట అన్నది పాతకాలపు కెమెరాల అవశేషం, ఫోను ఆ దశను దాటిపోయింది, ఇప్పుడు దాన్ని తిరిగి తేవడం అమ్మకాల ఎత్తుగడ తప్ప మరొకటి కాదు. ఇందులో చివరి ముక్కతో నాకు సగం ఏకీభావం ఉంది. మొదటి రెండింటితో బొత్తిగా లేదు. మీట కావాలి. ఖరీదైన ఫోన్లకంటె చవక ఫోన్లకు ఇంకా ఎక్కువగా కావాలి. అయితే అది మీటగానే ఉండాలి. ఈ మూడు వాక్యాలనూ సమర్థించుకోవడమే ఈ టపా పని.

(‘బటన్’ అనకుండా ‘మీట’ అంటున్నందుకు కొందరు మిత్రులు నవ్వుతారని తెలుసు. బొత్తం అంటే నాకు చొక్కా గుర్తుకొస్తుంది. మీట అంటే వేలు గుర్తుకొస్తుంది; వీణ తీగను మీటేదీ వేలే కదా. నా వాదమంతా ఆ వేలి చుట్టూ తిరిగేదే కనుక ఆ మాటే ఉంచుకుంటాను.)

అసలు కెమెరా మీట అంటే ఏమిటో ఈ కాలపు పిల్లలకు వివరించవలసి వస్తోంది. 2005లో వచ్చిన సోనీ ఎరిక్సన్ కె750ఐ చేతపట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. అందులో ఉన్నది రెండు మెగాపిక్సెళ్ళ కెమెరా. నేటి లెక్కలో అది ఏ మూలకూ చాలదు. కాని ఫోనును అడ్డంగా తిప్పి పట్టుకుంటే చూపుడువేలు తనంతట తానే వెళ్ళి ఒక మీట మీద వాలేది. ఆ మీటకు రెండు మెట్లు. మెల్లగా సగం దాకా అదిమితే ఫోకస్ కుదిరేది. వేలిని అక్కడే ఆపి ఉంచితే, కుదిరిన ఫోకస్ చెదరకుండా అలాగే నిలిచేది. ఆ మీద ఇంకొంచెం అదిమితే ఫోటో. వద్దనుకుంటే వేలు ఎత్తేయడమే, ఏమీ జరగనట్టే. నోకియా ఎన్95లోనూ ఇదే పద్ధతి. 41 మెగాపిక్సెళ్ళతో అందరినీ ముక్కున వేలేయించిన నోకియా 808 ప్యూర్‌వ్యూ (2012), లూమియా 1020 (2013) కూడా ఈ రెండు మెట్ల మీటనే నమ్ముకున్నాయి.

ఆ సగం నొక్కుడే ఈ తగవులో అసలు వస్తువు. దాన్ని వదిలేసి ఎంత వాదించినా ప్రయోజనం లేదు. ‘ఇది తీద్దామా’ అనుకోవడానికీ ‘తీశాను’ అనడానికీ మధ్య ఒక చోటు ఉంటుంది. అక్కడ కాసేపు నిలబడి చూడవచ్చు, చట్రం సవరించుకోవచ్చు, మనసు మార్చుకోవచ్చు. వేలికి అలాంటి చోటును చూపించినది ఆ మీట ఒక్కటే.

తాకుతెర మీద ఇదే పని ఎలా జరుగుతుందో చూడండి. మనకు కావలసిన వస్తువు మీద ఒకసారి తాకాలి. ఫోకస్ అక్కడికి వెళ్తుంది. చట్రం సరిచేద్దామని ఫోనును కాస్త జరిపామా, దృశ్యం మారిందనుకుని ఫోను ఆ ఫోకస్‌ను వదిలేస్తుంది. నిలిపి ఉంచాలంటే వేలిని అక్కడే కొంతసేపు నొక్కిపెట్టి, తాళం పడిందన్న సూచన వచ్చేదాకా ఆగాలి. ఆ తరువాత వేలెత్తి తెల్లని గుండ్రం దగ్గరికి వెళ్ళాలి. ఒక వేలు ఒక్క కదలికలో చేసే పని ఇక్కడ మూడు పనులైంది. పైగా తాకిన ప్రతిసారీ చూడవలసిన దృశ్యాన్ని మన వేలే కప్పేస్తుంది.

“ముఖాలను ఫోను తానే పట్టుకుంటుంది, ఈ తంటా అంతా ఎందుకు?” అంటారు. నిజమే, పట్టుకుంటుంది. ఎవరి ముఖాన్ని? పెళ్ళిపీటల మీద వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకునే క్షణాన్ని తలచుకోండి. చుట్టూ ముప్ఫై ముఖాలు: పురోహితుడు, మేనమామ, వీడియో తీసేవాడు, తొంగిచూసే పిల్లలు. నాకు కావలసినది వీటిలో ఏదీ కాదు, తల మీద ఆనిన ఆ చెయ్యి. ఆ సంగతి ఫోనుకు నేను చెప్పాలి, ముహూర్తం దాటక ముందే చెప్పాలి. సగం నొక్కి సిద్ధంగా ఉన్నవాడికి అది చిటికెలో పని. లేనివాడి సంగతి ఏమని చెప్పను! అక్కడ వాళ్ళు అడ్డుతెర తొలగిస్తూంటారు, ఇక్కడ మనం తెరతో కుస్తీ పడుతూంటాం.

ఇంత ఉపయోగమున్న వస్తువు ఎలా పోయింది? ఈ చరిత్ర తెలిస్తే ‘ఫోను ఆ దశను దాటిపోయింది’ అన్న వాదన ఎంత బోలుదో తెలుస్తుంది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌కు కెమెరా మీట లేదు. అందులోని కెమెరా స్థిర ఫోకస్ కెమెరా. కుదుర్చుకోవడానికి ఫోకస్ అంటూ ఏమీ లేదు. లేని పనికి సగం నొక్కుడు ఎందుకు? ఆ ఫోను వరకు మీట లేకపోవడం న్యాయమే. ఫోకస్ చేయగల కెమెరా దానికి 2009లో, 3జీఎస్‌తో గాని రాలేదు. అప్పటికే జనం తెర మీద నొక్కడానికి అలవాటుపడ్డారు కనుక ఫోకస్‌ను కూడా తెర మీదికే ఎక్కించారు. బలహీనమైన కెమెరాకు సరిపోయిన ఏర్పాటు బలమైన కెమెరాకు వారసత్వంగా వచ్చిందన్న మాట. మిగతా తయారీదారులు ఆ రూపాన్ని చూసి వాతలు పెట్టుకున్నారు. మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోను, 2008 నాటి హెచ్‌టీసీ డ్రీమ్‌కు కెమెరా మీట ఉంది. 2010 జనవరిలో గూగుల్ తెచ్చిన నెక్సస్ వన్‌కు లేదు. దీన్ని పరిణామం అంటారా, అనుకరణ అంటారా?

మైక్రోసాఫ్ట్ మాత్రం ఎదురీదింది. 2010లో విండోస్ ఫోన్ 7 తెచ్చినప్పుడు, ఆ ఫోన్లు తయారుచేయదలచినవాళ్ళకు పెట్టిన షరతుల్లో కెమెరా మీట ఒకటి. ఫోను తాళం వేసి ఉన్నా సరే, జేబులోంచి తీస్తూ ఆ మీటను నొక్కిపట్టుకుంటే కెమెరా తెరుచుకునేది. 2014లో 8.1 వచ్చేసరికి చవక ఫోన్ల కోసం ఆ షరతు సడలించారు. లూమియా 630 మీట లేకుండానే వచ్చింది. కొన్నేళ్ళకు ఆ వ్యవస్థే కనుమరుగైంది. దీన్ని చూపించి “మీట ఉన్న ఫోన్లన్నీ పోయాయి, కనుక మీట పనికిరానిది” అనేవాళ్ళున్నారు. విండోస్ ఫోన్ పోయినది యాప్‌లు లేక. 808 ప్యూర్‌వ్యూ మూలపడినది సింబియన్ పాతబడి. ఇల్లు కూలితే గడపను తప్పుపట్టడం ఏం న్యాయం?

ఎదుటి పక్షానికి ఇవ్వవలసినది ఇచ్చేస్తాను, అనవసరమైన చోట్ల పోట్లాట ఎందుకు. కెమెరాను త్వరగా తెరవడానికే మీట కావాలంటే, అక్కరలేదు. పవర్ మీటను రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకునే సదుపాయం నేడు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది, అది చక్కగా పనిచేస్తుంది. ఫోటో ఆలస్యం కాకుండా పడడానికి మీట కావాలంటే, అదీ నిలవదు. కెమెరా తెరిచి ఉన్నంతసేపూ నేటి ఫోన్లు ఎడతెగకుండా చిత్రాలు పట్టి తాత్కాలికంగా దాచుకుంటూనే ఉంటాయి. మనం నొక్కిన క్షణానికి దగ్గరగా ఉన్నవాటిని ఎత్తి ఫోటోగా కూర్చి ఇస్తాయి. మనం మీట నొక్కినా, గాజు నొక్కినా దానికి ఒకటే. వేగం గురించి మీట పక్షాన వాదించేవాళ్ళు వాదం మార్చుకోవడం మంచిది. నా వాదం వేగం గురించి కాదు, చేతికీ యంత్రానికీ ఉండవలసిన ఒప్పందం గురించి.

“వాల్యూమ్ మీట ఉంది కదా!” ఇది వాళ్ళ బ్రహ్మాస్త్రం. 2011లో ఐఓఎస్ 5తో ఐఫోన్‌కూ ఆ వెసులుబాటు వచ్చింది, ఆండ్రాయిడ్ ఫోన్లలో సరేసరి. లేనిదానికంటె మేలే. కాని దానికి సగం లేదు, నొక్కితే నొక్కినట్టే. రెండోది, అది ఒక ఫోనులో ఫోటో తీస్తుంది, ఇంకోదానిలో జూమ్ చేస్తుంది, సెట్టింగు మారితే శబ్దం పెంచుతుంది. కొన్ని ఫోన్లలో నొక్కి పట్టుకుంటే వరసగా ఫోటోలు, కొన్నిటిలో వీడియో. ఒక మీట అయిదు పనులు చేస్తే వేలు దాన్ని నమ్మడం మానేస్తుంది. నమ్మకం పోయాక కన్ను తెర మీదికి పోతుంది, దృశ్యం మీద ఉండవలసిన కన్ను.

నమ్మకం అన్నాను కాబట్టి, అందరికీ అనుభవమైన ఒక సంగతి. ఏ పాపికొండల లాంచీలోనో కుటుంబమంతా ఒక ఫోటోలో పడాలని పక్కనున్న పెద్దాయన చేతికి ఫోను ఇస్తాం. “ఎక్కడ నొక్కాలి బాబూ?” అంటాడాయన. “ఆ కింద తెల్లగా గుండ్రంగా ఉంది చూడండి, దాని మీద.” ఆయన నొక్కుతాడు. ఎండలో తెర సరిగా కనబడక పక్కన ఎక్కడో నొక్కుతాడు. ఫోటో కాస్తా వీడియో అవుతుంది, లేదా కెమెరా తిరగబడి ఆయన ముఖమే ఆయనకు కనబడుతుంది. ఉలిక్కిపడి, “ఏదో అయింది, నువ్వే చూసుకో” అని నొచ్చుకుంటూ ఫోను తిరిగి ఇచ్చేస్తాడు. ఆ పెద్దాయనకు ఫోటో తీయడం రాక కాదు. ఆయన వేలికి ఆనడానికి అక్కడ ఏమీ లేదు. గాజు నునుపు, గుండ్రానికీ దాని పక్క ఖాళీకీ వేలికి తేడా తెలియదు. చూపు మందగించినవాళ్ళకు, వేళ్ళు వణికేవాళ్ళకు ఈ నునుపే పెద్ద శత్రువు. అదే అంచున ఒక మీట ఉంటే, “ఇదిగో, ఇది నొక్కండి” అని ఆయన వేలును దాని మీద పెట్టి రావచ్చు.

‘పాతకాలపు అవశేషం’ అన్నవాళ్ళు 1888 నాటి కొడాక్ కెమెరా చరిత్రను ఒకసారి తిరగేయాలి. అంతకుముందు ఫోటో తీయడమంటే రసాయనాలు, చీకటిగది, నేర్చిన పనితనం. జార్జ్ ఈస్ట్‌మన్ తెచ్చిన ఆ పెట్టెలో తాడు లాగి, తాళం తిప్పి, మీట నొక్కడమే వాడేవాడి పని. నూరు ఫోటోలు అయ్యాక కెమెరాను అలాగే కంపెనీకి పంపిస్తే వాళ్ళే కడిగి, అచ్చువేసి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవాళ్ళు. ఫోటోను నిపుణుల చేతుల్లోంచి జనం చేతుల్లోకి తెచ్చినది ఆ మీటే. అది నిపుణుల ముచ్చట అని ఇప్పుడు కొట్టిపారేయడం చరిత్రను తలకిందులుగా చదవడం. నిపుణుడు గాజు మీద కూడా ఎలాగో నెట్టుకొస్తాడు.

ఇక ఆపిల్ వారి మీట. తిరిగి తెచ్చారు, సంతోషం. ఏం తెచ్చారు? దాన్ని నొక్కవచ్చు, మెల్లగా అదమవచ్చు, దాని మీద వేలు జార్చవచ్చు. జార్చితే జూమ్; రెండుసార్లు మెల్లగా అదిమితే ఇంకో పట్టిక; ఆ పట్టికలో మళ్ళీ వేలు జార్చి ఎక్స్‌పోజరో, శైలో ఎంచుకోవాలి. ఇన్ని విద్యలు నేర్పిన మీటకు, సగం నొక్కితే ఫోకస్ నిలిపే అసలు విద్య పుట్టుకతో లేదు! అది 2024 డిసెంబరులో ఐఓఎస్ 18.2తో వచ్చింది, అదీ సెట్టింగుల్లోకి వెళ్ళి ఎంచుకున్నవాళ్ళకు. 2005 నాటి మామూలు ఫోను చేసిన పనిని 79,900 రూపాయల ఫోను మూడు నెలలు ఆగి నేర్చుకుంది. ఆ మరుసటి ఏడాది వచ్చినప్పుడు 16ఈ ధర 59,900. దానికి ఆ మీటే లేదు. తయారీదారుల దృష్టిలో మీట అవసరం కాదు, హోదా.

ఈ మీటను వాడి చూసి “దీనివల్ల చికాకే గాని లాభం లేదు” అన్నవాళ్ళను నేను తప్పుపట్టను. వేలు కాస్త జారితే జూమ్ మారిపోయే మీట చికాకు పెట్టక ఏం చేస్తుంది? కాని వాళ్ళు తిట్టవలసినది మీటను కాదు, మీట వేషం కట్టిన చిన్న తాకుతెరను. పెళ్ళికొడుక్కి పగటివేషం కట్టించి పెళ్ళే దండగ అన్నట్టుంది ఈ తీర్పు. సోనీ వారి ఎక్స్‌పీరియా 1 వరసలో ఏళ్ళ తరబడి ఆ పాత రెండు మెట్ల మీటే మార్పులేకుండా వచ్చింది, దాని గురించి ఇలాంటి ఫిర్యాదులు నేను వినలేదు. ఏం లాభం, 2019లోనే ఆ సంస్థ మన దేశంలో ఫోన్ల అమ్మకం నుంచి తప్పుకుంది.

ఇదంతా సరదాకు ఫోటోలు తీసుకునేవాళ్ళ గొడవ అనుకుంటే నేను ఇంత రాసేవాణ్ణి కాను. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పనుల దగ్గర 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ అనే మొబైల్ యాప్ ద్వారా హాజరు వేయడం తప్పనిసరి చేశారు. పని చేస్తున్న కూలీల ఫోటోను, అది తీసిన స్థలం వివరంతో సహా, రోజుకు రెండుసార్లు ఎక్కించాలన్నారు. ఫోటో సరిగా పడకపోతే ఆ రోజు కూలికే ఎసరు. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు మరో చట్టాన్ని ఆమోదించింది. చట్టం మారితే ఎండ మారుతుందా, చెమట మారుతుందా? అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో మే నెలలో కందకం గట్టు మీద నిలబడి, చేతికున్న మట్టిని కొంగుకు తుడుచుకుంటూ చవక ఫోనుతో ఫోటో తీసే ఒక మేటును ఊహించుకోండి. ఎండకు తెర నల్లగా కనబడుతుంది. ఇలాంటి తెరలు వేలిలోని విద్యుత్ స్వభావాన్ని బట్టి తాకిడిని గుర్తిస్తాయి. వేలికి నీరో చెమటో ఉంటే తికమక పడతాయి, నొక్కిన చోటు ఒకటి, పలికే చోటు ఒకటి. తెర మీద గుండ్రాలు గీసినవాళ్ళకు ఆవిడ వేలు ఎప్పుడైనా గుర్తుకొచ్చిందా? మీటకు చెమటతో నిమిత్తం లేదు. ఎండతోనూ లేదు.

అయితే ఏ యాప్ అయినా ఆ మీట మాట వినాలి కదా అంటారు. ఆండ్రాయిడ్‌లో మొదటి రోజునుంచీ ఆ ఏర్పాటు ఉంది. ఫోకస్‌కు ఒక సంకేతం, ఫోటోకు వేరొక సంకేతం. అంటే సగం నొక్కుడునూ పూర్తి నొక్కుడునూ విడివిడిగా గుర్తించే తెలివి ఆ వ్యవస్థకు పుట్టుకతోనే ఉంది. యాప్ రాసేవాళ్ళు నాలుగు వరుసలు చేర్చితే చాలు. చెవులు ఉన్నాయి, పలికే నోరే తీసేశారు.

మిగిలిన అభ్యంతరాలు చిల్లరవి. మీట పెడితే ఆ సందులోంచి నీళ్ళు దిగుతాయట. పవర్ మీట, వాల్యూమ్ మీట ఉన్న సందుల్లోంచి దిగవు కాబోలు! 2013లో సోనీ మొదట నీటిని తట్టుకునే ఎక్స్‌పీరియా జెడ్‌ను కెమెరా మీట లేకుండా తెచ్చింది. అదే ఏడు జెడ్1కు మీటనూ పెట్టింది, నీటి రక్షణనూ ఉంచింది. ఖర్చు పెరుగుతుందన్నది మరొకటి. వెనకవైపు అలంకారానికన్నట్టు రెండు మెగాపిక్సెళ్ళ అదనపు కెమెరాలు అతికించి, ‘మూడు కెమెరాలు’ అని డబ్బా మీద అచ్చువేసుకున్న తయారీదారులకు ఒక స్ప్రింగు మీట ఖర్చు బరువైందంటే నమ్మమంటారా? నొక్కితే ఫోను కదిలి ఫోటో చెదురుతుందన్నది మాత్రం ఆలోచించవలసిన మాటే. బిరుసైన మీట అయితే చెదురుతుంది. సగం దాకా ముందే అదిమి ఉంచిన మీటకు మిగిలిన ఒత్తిడి స్వల్పం. చెదరకుండా ఉండడానికే ఆ రెండు మెట్లు.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నేను తల వంచుతాను, అది పుర్రచేతివాటం ఉన్నవాళ్ళది. కెమెరా మీట ఎప్పుడూ కుడి అంచునే, కుడి చూపుడువేలికి అందేలాగే ఉంటూ వచ్చింది. ఎడమ చేత్తో ఫోను పట్టి ఎడమ వేలితో నొక్కేవాళ్ళు దాన్ని వాడాలంటే ఫోనును తలకిందులు చేయాలి. వాళ్ళకు వాల్యూమ్ మీటే నయం. వాళ్ళు వాడుకోనీండి, వాళ్ళ నుంచి దాన్ని తీసేయమని నేను అడగడం లేదు. నా మీటను నాకు ఇమ్మంటున్నాను, అంతే.